గడ్డి మేసేదాని కొమ్ము

మున్సిపాలిటోళ్లు కాయితం ఇచ్చిన్రు:
పార్కుల నిలబెట్టేతందుకు మూడు రాకాసి బల్లులు,
తుక్కు ఇనుముతోటి, ఉగాదికల్లా.

ఆటోనగర్ల మా షెడ్డు ముందట
లారీ కమాన్లు, తుప్పుపట్టిన బోరు పైపులు,
ఎనుమాముల మార్కెట్ల మూలకు పడ్డ కాంటా పళ్లేలు
కుప్పబోసుకొని కూసున్నం, నేనూ యాకయ్యా.
బొమ్మల పుస్తకం సిమెంటు బస్తా మీద తెరిచిపెట్టినం.
గాలి తిరిగితే మిరపఘాటు,
తుమ్మినప్పుడల్లా పేజీ మారుతది.

మొదటిదానికి మూడు కొమ్ములు.
కొమ్మంటే నాకు తెలిసింది నాగలి కర్రు.
తాత కొలిమిల ఎర్రగ కాల్చి సాగదీసినట్టే సాగదీసిన.
మెడ ఎనుక చాటంత ఎముక.
"ఇది దేన్నన్న పొడిచిందా మామా?"
ఏమోరా. పొడిచిందో,
సూపిచ్చి బెదిరిచ్చిందో,
పోతుబర్రెల లెక్క తమల తామే తోసుకున్నయో.
పుస్తకం రాసినాయన గూడ
'కావచ్చు' అనే రాసిండు.

రెండోదానికి వీపు మీద రేకులు, తోకకు నాలుగు మేకులు.
కమాన్లు కోసి రేకులు అతికిన,
దంతె పండ్లు ఊడబీకి తోకకు పెట్టిన.
చెన్నూరు నుంచి ఓదెలు సారు వచ్చి సూసి
"రేకులు కొట్లాటకు కాకపోవచ్చు ఆచారీ,
ఎండ కాగేతందుకేమో.
తోకతోటి మాత్రం జాగ్రత్త" అన్నడు,
అది ఇంకా బతికున్నట్టు.

మూడోది నడిచే కోట.
మన ఖిలా లెక్క, రాతి లోపల మెత్తటి పానం.
ఒళ్లంత ఎముక బిళ్లలు, తోక కొసకు గద,
కొన్నిటికైతే కనురెప్పకు గూడ ఎముకేనట.

కనురెప్పకు గూడ!
అక్కడ నా చెయ్యి ఆగింది.
నల్లద్దం లేకుండ పదేండ్లు వెల్డింగ్ చేసినోణ్ణి.
నడిరాత్రి కండ్లల్ల ఇసుక పోసినట్టయితే
వాడకట్టుల బాలింత ఎవరున్నరని వెతికి
రెండు పాలసుక్కలు పోయించుకున్నోణ్ణి.

సారు దస్తీ మూట ఇప్పిండు.
వేమనపల్లి దిక్కు, ప్రాణహిత ఒడ్డున దొరికిందట,
అరచేతిల పట్టేంత బిళ్ల, గుంతలు గుంతలు.
బల్లిదో మొసలిదో సదువుకున్నోళ్లు ఇంకా తెంపలేదట.
"నాలుకకు ఆనిచ్చి సూడు" అన్నడు.
ఆనిచ్చిన. అంటుకున్నది.
రాయి కాదిది, ఎముక.
ఎన్ని కోట్ల ఏండ్లకో ఒక నోటి తడి తగిలి
గుంజుకుంటున్నది.

ఆ రాత్రి పుస్తకం మొత్తం తిరగేసిన.
కొమ్ము, మేకు, గద, పెంకు,
ఒకటి రెండు తప్పితే అన్నీ గడ్డి మేసేటియే.
పండ్లున్నదానికి ఆకలే సాలు.

ఉగాది వారం ఉందనంగ ఇంజనీరు వచ్చిండు.
వేలితోటి కొమ్ము తాకి సూసిండు.
"పిల్లలకు గుచ్చుకుంటయి. మొనలు కొట్టేయ్. గుండ్రం చెయ్."
బిల్లు ఆయన సంతకం మీదనే ఉన్నది.
గ్రైండర్ పెట్టిన.
దంతె పండ్లు, కర్రు కొసలు, ఒక్కొక్కటి
రవ్వలు రవ్వలు రాలి
యాకయ్య చెప్పుల కాడ నల్లబడ్డయి.

అప్పుడొచ్చింది పర్వతగిరి లచ్చవ్వ,
కొడవలికి కక్కు పెట్టమని.
మిషిని ఆపేదాక నిలబడ్డది.
కోటబల్లి సుట్టూ ఒక తిరుగు తిరిగింది,
కడుపు కింద బోర్లపడ్డ కాంటా పళ్లెం,
దాని మీది 'ఇరవై కిలోలు' తడిమి సూసింది.

"ఏం తింటది బిడ్డా ఇది?"
"గడ్డే అవ్వా."
"గడ్డేనా!"
కొడవలి సంకల పెట్టుకొని
ఇనుప రెప్ప మీద చెయ్యి ఆనిచ్చి
జరసేపు ఏం మాట్లాడలే.

"పాపం," అన్నది,
"గింత భయపడ్డదా."